ఊరి వాట్సాప్ గ్రూపు: నిర్వాహకుడిగా నేను చేసిన రెండు తప్పులు



వానాకాలం వచ్చిందంటే పాముకాటు గురించి, అతిసారం గురించి నాలుగు మాటలు వ్రాయడం నాకు చాలాకాలంగా అలవాటు. ఈసారి కూడా ఆ రెండింటి ప్రస్తావన వస్తుంది. అయితే ఈసారి వాటితో పాటు నా తప్పులు రెండు చెప్పుకోవలసి ఉంది. వైద్యవృత్తిలో జరిగిన పొరపాట్లను గురించి వైద్యులు తమలో తాము మాట్లాడుకుంటారు. ఈ రెండూ నేను స్టెతస్కోపు పక్కన పెట్టిన తరువాత, చేతిలో ఫోను పట్టుకొని చేసిన పొరపాట్లు. ఈ రోజుల్లో ప్రతి ఊరికీ, ప్రతి వాడకూ, ప్రతి కుటుంబానికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉన్నది. ప్రతి గ్రూపుకూ జీతం లేని నిర్వాహకుడు ఒకరుంటారు. ఆయననే మనం అడ్మిన్ అంటున్నాం. అటువంటివారికి నా అనుభవం ఉపయోగపడవచ్చునని ఇది వ్రాస్తున్నాను.

మాది బూర్గంపాడు. భద్రాచలానికి ఇవతలి గట్టున, కిన్నెరసాని వచ్చి గోదావరిలో కలిసే చోటికి దగ్గరగా ఉన్న ఊరు. ఏజెన్సీ ప్రాంతపు ఆరోగ్య కేంద్రాలలో ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వోద్యోగం చేసి విరమించాను. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు, సలహా కోసం ఇంటికి వచ్చేవారి రాకపోకలు ఆగిపోయాయి. ఫోన్లు మాత్రం పొద్దుటి నుండి రాత్రి దాకా మోగుతూనే ఉండేవి. అందరూ అడిగేది ఒక్కటే ప్రశ్న, నేను చెప్పేది ఒక్కటే జవాబు. ఆ అవస్థ చూసి మా మనుమడు ఒక గ్రూపు ఏర్పాటు చేసి, "ఇక నువ్వే అడ్మిన్ తాతయ్యా" అన్నాడు.

"అడ్మిన్ అంటే ఏం చేయాలిరా?" అని అడిగాను.

"ఏమీ చేయక్కర్లేదు తాతయ్యా, అడిగినవాళ్ళ నంబరు చేర్చుకుంటూ పోవడమే."

ఆ మాటను నేను రెండేళ్ళకు పైగా నమ్మాను.

ఆనాడు ఒక గ్రూపులో 256 మందికి మించి చేరడానికి వీలుండేది కాదు. నెల తిరగకుండానే మా గ్రూపు నిండిపోయింది. ఆశా కార్యకర్తలు, ఉపాధ్యాయులు, ఆటో నడిపేవారు, కౌలురైతులు, సారపాక కాగితపు మిల్లు కార్మికులు, హైదరాబాదులోను, అమెరికాలోను స్థిరపడిన మా ఊరి పిల్లలు అందరూ చేరారు. పోలవరం ముంపు కారణంగా 2014లో బూర్గంపాడు మండలంలోని కొన్ని గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళిన సంగతి మీకు తెలుసు. రాష్ట్రాలు వేరయినా చుట్టరికాలు వేరు కాలేదు. అందువలన మా గ్రూపు రెండు రాష్ట్రాల గ్రూపు అయింది.

కరోనా కాలంలో ఆ గ్రూపు మేలే చేసింది. 2020 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లాలో కొందరు ఒక వీడియో చూసి, కరోనాకు మందని నమ్మి ఉమ్మెత్త గింజలతో చేసిన రసం తాగి ఆసుపత్రి పాలయ్యారు. ఆ వార్త వచ్చిన రోజే ఉమ్మెత్త విషమని, అది మెదడు మీద, గుండె మీద ఎలా పనిచేస్తుందో విడమరచి వ్రాశాను. ఆక్సిజన్ శాతం 94 కంటే తగ్గితే ఇంట్లో కూర్చోవద్దని రోజూ గుర్తు చేశాను. అందరూ విన్నారు. "డాక్టరు గారి గ్రూపు" అనే పేరు ఊరిలో స్థిరపడింది. ఆ పేరు వలన నాకు కలిగిన సంతోషాన్ని దాచుకోను. ఆ పేరే తరువాత ఒక ఇంటికి అపకారం చేసింది.

2022 జూలైలో గోదావరికి వచ్చిన వరద మా ప్రాంతంలో ఎవరూ మరచిపోలేరు. భద్రాచలం వద్ద 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. ఆ నెల 16వ తేదీన నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల వరద తరువాత అంతటి నీటిని చూడటం అదే. వంతెన మీద రాకపోకలు ఆగాయి. కరెంటు లేదు. ఉన్న కొద్దిపాటి ఛార్జింగుతో జనం గ్రూపు చూసుకునేవారు. రోజుకు మూడు నాలుగు వందల సందేశాలు. ఎవరి పశువులు ఎక్కడ ఉన్నాయి, ఏ బడిలో భోజనాలు పెడుతున్నారు, ఏ దారి తెగింది వంటివన్నీ అందులోనే.

ఆ సందడిలో ఒక రాత్రి ఒక సందేశం వచ్చింది. వరదనీటితో పాములు ఇళ్ళలోకి వస్తాయని, కరిస్తే భయపడనక్కరలేదని, కాటుకు పైన గుడ్డతో బిగించి కట్టి, ఫలానా ఆకు పసరు పూసి, కొంత తాగించి, మూడు గంటలపాటు నిద్రపోకుండా చూస్తే విషం దిగిపోతుందని, ఆసుపత్రి అవసరమే లేదని దాని సారాంశం. పైన రెండు బాణాల గుర్తు ఉన్నది. అంటే అప్పటికే అనేక చేతులు మారి వచ్చినదన్నమాట. పంపినవారు మా ఊరి విశ్రాంత ప్రధానోపాధ్యాయులు. నాకంటే రెండేళ్ళు పెద్దవారు. ఊరిలో సగంమందికి అక్షరాలు దిద్దించినవారు. నాకు ఆప్తులు.

ఆ సందేశాన్ని రాత్రి తొమ్మిది గంటలకు చూశాను. అందులోని ప్రతి వాక్యం తప్పేనని చూడగానే తెలిసింది. ఖండిస్తూ నాలుగు వాక్యాలు టైపు చేశాను. మాస్టారిని అందరి ముందూ తప్పు పట్టినట్లవుతుందేమోనని అనిపించింది. చెరిపివేశాను. ఉదయం ఫోను చేసి ఆయనతోనే తీయించుదాం అనుకున్నాను. ఉదయానికి ఆ సందేశం వంద సందేశాల కిందికి వెళ్ళిపోయింది. ఎవరు చూస్తారులే, ఈ రోజుల్లో ఎవరు నమ్ముతారులే అని సమాధానం చెప్పుకున్నాను. మొహమాటానికి మనసు చెప్పుకునే సమాధానాలు ఎప్పుడూ తేలికగానే దొరుకుతాయి.

నీరు తీసిన నాలుగో రోజు. ఒక కౌలురైతు ఇంట్లో పేరుకున్న ఒండ్రు తీస్తుండగా కట్టెల కింద నుండి పాము వచ్చి పాదం మీద కరిచింది. ఇంటర్ చదువుతున్న ఆయన కొడుకు ఫోను తీసి, గ్రూపులో వెనక్కి వెదికి, ఆ సందేశం పట్టుకున్నాడు. అందులో ఉన్నట్లే చేశారు. ఐదు గంటలు గడిచాయి. కాలు మోకాలు దాకా వాచింది. చిగుళ్ళ నుండి రక్తం రావడం మొదలైన తరువాత 108కి ఫోను చేశారు. ఆసుపత్రిలో గాజుగొట్టంలో తీసిన రక్తం 20 నిమిషాలైనా గడ్డకట్టలేదు. కరిచింది రక్తపింజరి. విషానికి విరుగుడు సూదిమందు ఎక్కించారు. రక్తస్రావం అదుపులోకి వచ్చింది. అప్పటికే మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. పెద్ద ఆసుపత్రికి తరలించి చాలాసార్లు డయాలసిస్ చేయవలసి వచ్చింది. బిగించి కట్టిన చోట పుండుపడి మానడానికి నెలలు పట్టింది. ఆయన బతికారు. ఆ ఏడాది సేద్యం పోయింది, అప్పు మిగిలింది.

ఆసుపత్రి నుండి వచ్చాక చూడటానికి వెళ్ళాను. ఆయన భార్య మంచినీళ్ళిచ్చి, నెమ్మదిగా ఒక మాట అన్నది. "మీ గ్రూపులోదే గదా అయ్యా. తప్పయితే మీరు తీసేసేటోళ్ళు గదా. మీరు చూసే ఉంటారనుకున్నం."

నేను చూసే ఉన్నాను. ఆ సంగతి ఆమెకు అప్పుడే చెప్పలేకపోయాను. వారం తరువాత మళ్ళీ వెళ్ళి చెప్పాను.

ఒక గ్రూపులో ఎవరో పెట్టిన సందేశానికి నిర్వాహకుడు చట్టం ముందు దోషి అవుతాడా? నా బాధ తెలిసిన ఒక న్యాయవాది మిత్రుడు దీనికి సమాధానం చెప్పారు. 2021 మార్చిలో బొంబాయి హైకోర్టు నాగపూరు ధర్మాసనం, 2022 ఫిబ్రవరిలో కేరళ హైకోర్టు ఈ ప్రశ్నను విచారించాయి. సభ్యుడు పెట్టిన అభ్యంతరకరమైన సందేశానికి, నిర్వాహకుడి ప్రమేయం లేనప్పుడు, కేవలం నిర్వాహకుడన్న కారణంతో అతనిని నేరస్థుణ్ణి చేయలేమని రెండు న్యాయస్థానాలూ చెప్పాయి. సభ్యులను చేర్చడం, తొలగించడం తప్ప వారు ఏమి వ్రాయబోతున్నారో ముందుగా వడగట్టే శక్తి అతనికి లేదన్నది అందులోని తర్కం. సబబైన తీర్పులే. లేకపోతే ఈ పనికి ఒక్కరూ ముందుకు రారు.

అయితే న్యాయస్థానం చెప్పింది శిక్ష గురించి. నేను ఆలోచించవలసి వచ్చింది నమ్మకం గురించి. మౌనం అర్ధాంగీకారం అంటారు. ఆ ఇంటివారి దృష్టిలో నా మౌనం పూర్తి అంగీకారమే అయింది. ఆ సందేశం కింద నా సంతకం లేకపోయినా, గ్రూపు పేరే నా సంతకం. ఔషధశాల మీద నా పేరు బోర్డు పెట్టుకొని, లోపల ఎవరు ఏ సీసా అమ్ముతున్నారో చూడకపోవడం వంటిది నేను చేసిన పని.

1986 వరదనాటికి నేను యువ వైద్యుణ్ణి. అప్పుడు వార్త ఎలా చేరేదో గుర్తుకు వచ్చింది. డప్పు చాటింపు వేసే మనిషి వాడవాడకూ తిరిగి, ముందుగా ఎవరి ఉత్తరువో చెప్పేవాడు, తరువాత ఎక్కడికి వెళ్ళాలో, ఎప్పటిలోగా వెళ్ళాలో చెప్పేవాడు. దారిలో విన్నదంతా చాటింపులో కలిపేవాడు కాదు. ఎవరైనా "నిజమేనా?" అంటే "ఆఫీసులో అడుగు పో" అనేవాడు. చదువు లేని ఆ మనిషి పాటించిన నియమం, వైద్యపట్టా ఉన్న నేను పాటించలేదు. వార్తకు మూలం, చోటు, సమయం ఈ మూడూ లేకుండా ఆయన డప్పు కొట్టలేదు.

ఈ బాధ్యత వాట్సాప్‌తో పుట్టింది కాదని తరువాత తెలిసింది. అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు చెప్పాడు. 1988లో ఫిన్లండ్‌లోని ఔలు విశ్వవిద్యాలయంలో యార్కో ఓయికారినెన్ అనే విద్యార్థి ఐ.ఆర్.సి. అనే సంభాషణా వ్యవస్థను తయారుచేశాడు. కంప్యూటర్ల ముందు కూర్చొని వేర్వేరు దేశాలవారు ఒకే గదిలో ఉన్నట్లు మాట్లాడుకునేవారు. ఆ గదులకు చానెళ్ళని పేరు. ప్రతి చానెలుకూ ఒకరో ఇద్దరో స్వచ్ఛంద నిర్వాహకులు ఉండేవారు. వారి పేరు ముందు ఈమెయిలు చిరునామాలో ఉండే 'ఎట్' గుర్తు కనిపించేది. ఆ గుర్తు ఉన్నవారు ఎవరినైనా బయటికి పంపగలరు, తిరిగి రాకుండా నిషేధించగలరు. "ఆ గుర్తు రాగానే కొందరికి తల తిరిగేది మామయ్యా. కొందరు గుర్తు పెట్టుకొని నిద్రపోయేవాళ్ళు. రెండూ ప్రమాదమే. పిలిస్తే పలికి, తగవు ముదరకుండా చూసి, ఎందుకు పంపించామో చెప్పేవాళ్ళున్న చానెళ్ళే నిలబడ్డాయి" అన్నాడు.

గుర్తు పెట్టుకొని నిద్రపోయిన తప్పు అప్పటికే చేశాను. తల తిరిగిన తప్పు ఆ తరువాతి ఏడాది చేశాను.

కౌలురైతు ఉదంతం తరువాత నేను చాలా కఠినంగా మారాను. ఇతరులు పెట్టిన సందేశాన్ని అందరి ఫోన్ల నుండి తొలగించే సౌకర్యం 2022 చివరికల్లా నిర్వాహకులకు వచ్చింది. ఆ మీట చేతికి రాగానే, అనుమానం కలిగిన ప్రతిదాన్నీ తీసివేయడం మొదలుపెట్టాను. 2023 జూలై చివరి వారంలో గోదావరి మళ్ళీ మూడవ హెచ్చరిక దాటింది. నీరు తగ్గాక ఒక కుర్రవాడు గ్రూపులో వ్రాశాడు: "మా వాడ బోరింగు నీళ్ళు మురుగు వాసన కొడుతున్నాయి. ఎవరూ తాగకండి." పంచాయతీ నుండి ఏ సమాచారమూ లేదు. జనం అనవసరంగా కంగారు పడతారని తీసివేశాను. అతను మళ్ళీ పెట్టాడు. ఈసారి కాస్త కోపంగా పెట్టాడు. అతనినే తొలగించాను. సంజాయిషీ అడగలేదు, చెప్పలేదు.

నాలుగు రోజులకు ఆ వాడలోని ఇద్దరు పిల్లలకు, ఒక ముసలామెకు అతిసారం వచ్చింది. ఆశా కార్యకర్త వచ్చి, "సార్, అందరూ ఒకే బోరింగు నీళ్ళు తాగుతున్నరు" అన్నప్పుడు గాని నాకు తెలివి రాలేదు. బోరింగు చుట్టూ సిమెంటు దిమ్మె పగిలి మురుగు లోపలికి దిగుతున్నది. దాన్ని మూసివేయించి, క్లోరిన్ కలిపిన నీళ్ళు ట్యాంకరుతో తెప్పించారు. ఓ.ఆర్.ఎస్. ద్రావణంతో, సెలైన్‌తో ముగ్గురూ కోలుకున్నారు.

నేను చదువుకున్న ప్రజారోగ్య శాస్త్రమే నాకు ఎదురు నిలిచింది. మన దేశంలో 2004లో మొదలైన సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమంలో ఆసుపత్రి లెక్కలతో పాటు పత్రికల వార్తలను, జనం చెప్పుకునే మాటలను కూడా సేకరించి విచారిస్తారు. ఒక ఊళ్ళో కోళ్ళు చచ్చిపోతున్నాయట, ఫలానా బావి నీళ్ళు తాగితే వాంతులట అన్న మాట విన్నప్పుడు దాన్ని కొట్టిపారేయరు. ఒకరు వెళ్ళి చూసి వస్తారు. అది పుకారో ముందుసూచనో వెళ్ళి చూసినవారికే తెలుస్తుంది. నేను వెళ్ళి చూడలేదు. ఆ బోరింగు మా ఇంటికి పావు కిలోమీటరు దూరం.

ఆ కుర్రవాడి ఇంటికి వెళ్ళి క్షమించమని అడిగాను. లోపలికి పిలిచి కుర్చీ వేశాడు. "తీసేసినందుకు బాధ లేదు సార్. ఎందుకు తీసేసిండ్రో చెప్పలే. అదే బాధయింది" అన్నాడు.

ఈ రెండు ఉదంతాలను పక్కపక్కన పెట్టుకొని చాలా రోజులు ఆలోచించాను. ఒకసారి తీయవలసినదాన్ని ఉంచాను, మరొకసారి ఉంచవలసినదాన్ని తీశాను. పైకి విరుద్ధంగా కనిపించే ఈ తప్పులకు మూలం ఒక్కటే. రెండుసార్లూ నేను విచారణ చేయలేదు. రెండుసార్లూ సందేశాన్ని చూడకుండా మనిషిని చూశాను. పెద్దవారు గనుక ఒకరిని వదిలివేశాను, చిన్నవాడు గనుక ఒకరిని తోసివేశాను. ఎదుటివారి వయసును బట్టి, హోదాను బట్టి రోగనిర్ణయం చేసే వైద్యుణ్ణి మనం ఏమంటాం?

ఇక్కడ ఒక పాఠకుడు అడగవచ్చు. ప్రమాదం ఉందని చెప్పే ప్రతి సందేశాన్నీ ఉంచితే, 2018లో జరిగినట్లు జరగదా అని. ఆ ఏడాది పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకారు ఫోన్లలో వ్యాపించింది. మే నెలలో హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో ఐదుగురిని చంపారు. ఆ సందేశాలన్నీ కూడా ప్రమాదం గురించి హెచ్చరించినవే. ఆ నెలలోనే వాట్సాప్ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా హద్దు పెట్టింది. 2020 ఏప్రిల్‌లో, అనేక చేతులు మారిన సందేశాన్ని ఒక్కసారికి ఒక్క చోటికే పంపగలిగేట్లు చేసింది.

బోరింగు సందేశానికి, ఆ సందేశాలకు తేడా ఉన్నది. బోరింగు గురించి వ్రాసిన కుర్రవాడు తాను చూసింది వ్రాశాడు. చోటు చెప్పాడు. తన పేరుతో నిలబడ్డాడు. ముఠాల సందేశంలో చోటు లేదు, తేదీ లేదు, చూసినవాడు లేడు, కొట్టవలసిన మనిషి మాత్రం ఉన్నాడు. చాటింపు వేసే మనిషి పెట్టిన పరీక్ష ఇక్కడ కూడా సరిపోతుంది.

ఆ 2018లోనే మన రాష్ట్రంలోని జోగులాంబ గద్వాల జిల్లాలో ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు చేసిన పని గ్రూపు నిర్వాహకులందరూ తెలుసుకోదగినది. ఊరూరా పోలీసులను పంపి, గ్రామస్థులతో కూర్చోబెట్టి, ఆ వీడియోలు ఎలా అబద్ధమో చెప్పించారు. డప్పుతో, పాటతో చాటింపు వేయించారు. పోలీసులను ఊరి వాట్సాప్ గ్రూపులలో చేర్పించి, అనుమానం వచ్చిన సందేశాన్ని అక్కడే అడిగేటట్లు చేశారు. అబద్ధం ఏ దారిన వచ్చిందో నిజాన్ని కూడా ఆ దారినే పంపడం అందులోని కీలకం. మందు కూడా అంతే కదా. విషం రక్తంలో ఉన్నప్పుడు విరుగుడును కూడా రక్తంలోకే ఎక్కించాలి.

ఇప్పుడు మా గ్రూపులో పాటిస్తున్న పద్ధతులు చెబుతాను. ఇవి చట్టాలు కావు. దెబ్బలు తిని నేర్చుకున్నవి.

1. నిర్వాహకులు ముగ్గురు. నేను, ఒక ఆశా కార్యకర్త, మూడవవారు ఎవరో చివర చెబుతాను. వంతులు వేసుకున్నాం. ఆసుపత్రిలో డ్యూటీ అప్పగించినట్లే, వంతు ముగిసినవారు తరువాతివారికి ఫోనులో చెప్పి అప్పగిస్తారు. మనిషి నిద్రపోవాలి. డెబ్బై దాటినవాడు అర్ధరాత్రి దాకా ఫోను చూస్తే రక్తపోటు పెరగడం తప్ప ఊరికి మేలు లేదు.

2. జబ్బుకు మందు చెప్పే సందేశం ఏదైనా, ఎవరు పెట్టినా, ఆధారం చూపేదాకా ఉంచము. తప్పుడు మందు ఉన్నంతసేపూ ఎవరో ఒకరు వాడే అవకాశం ఉంటుంది.

3. ప్రమాదం చెప్పే సందేశంలో చోటు, సమయం, చూసినవారి పేరు ఉంటే ఉంచుతాము. "విచారిస్తున్నాం" అని వెంటనే కింద వ్రాసి, ఒకరు వెళ్ళి చూస్తారు. సాయంత్రంలోగా ఫలితం అక్కడే చెబుతాము. ఆ మూడూ లేనిదాన్ని, ముఖ్యంగా ఒక కులం మీదికో, మతం మీదికో, పరాయి ఊరివారి మీదికో వేలు చూపేదాన్ని తీసివేస్తాము.

4. తీసివేసిన ప్రతిసారీ కారణం ఒక్క వాక్యంలో వ్రాస్తాము. ఊరికే మాయం చేస్తే, నిజాన్ని దాచారనుకుంటారు. అంతకుముందే చదివినవారికి అది తప్పని తెలియదు కూడా.

5. పంపినవారితో ముందు విడిగా మాట్లాడతాము. "మాస్టారూ, మీరు మంచికే పంపారు, ఇందులో ఈ మాట ప్రమాదకరం" అంటే నొచ్చుకునేవారు తక్కువ. మాట్లాడకుండా ఎవరినీ తొలగించము. తొలగించవలసి వస్తే ముగ్గురిలో ఇద్దరు ఒప్పుకోవాలి.

6. రోగుల ఫోటోలు, పరీక్షల కాగితాలు, గర్భిణుల వివరాలు, ఆత్మహత్యాయత్నం చేసినవారి పేర్లు గ్రూపులో పెట్టనివ్వము. రోగి రహస్యం కాపాడటం వైద్యుడికి ఎంత విధో, నిర్వాహకుడికీ అంతే. నేను కూడా గ్రూపులో ఎవరికీ మందుచీటీ వ్రాయను. మనిషిని చూడకుండా అందరి ముందూ చెప్పేది వైద్యం కాదు.

7. గోదావరి 43 అడుగులు దాటగానే, నిర్వాహకులు మాత్రమే వ్రాసేటట్లు గ్రూపును మారుస్తాము. ఆపదలో ఉన్నవారు మాకు నేరుగా ఫోను చేస్తారు. అధికారికంగా వచ్చిన నీటిమట్టం, సమయంతో సహా గంటగంటకూ పెడతాము. వరద సమయంలో జనాన్ని హడలగొట్టే తప్పుడు హెచ్చరిక ఇవ్వడం విపత్తు నిర్వహణ చట్టం, 2005 ప్రకారం ఏడాది దాకా జైలుశిక్ష పడదగిన నేరమని కూడా అప్పుడు గుర్తు చేస్తాము.

8. మా తప్పు తేలితే, తప్పు జరిగిన చోటనే, అందరి ముందే ఒప్పుకుంటాము. ఈ ఎనిమిదవది అన్నిటికంటే కష్టం. మొదట ఆచరించవలసి వచ్చింది నేనే.

ఇక ఈ కాలానికి అవసరమైన రెండు వైద్య విషయాలు.

పాము కరిస్తే ముందుగా ఆ మనిషికి ధైర్యం చెప్పి కదలకుండా పడుకోబెట్టండి. ఎముక విరిగినప్పుడు కట్టినట్లు కర్ర ఆసరాతో కాలినో చేతినో కదలకుండా చేయండి. ఉంగరాలు, పట్టీలు, బిగుతు దుస్తులు తీసివేయండి. బిగించి కట్టవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు, ఏదీ పూయవద్దు, తాగించవద్దు. పామును పట్టుకోవడానికి సమయం వృథా చేయవద్దు. 108కి ఫోను చేసి, విషానికి విరుగుడు సూదిమందు ఉన్న ఆసుపత్రికి వెంటనే చేర్చండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి ఈ నాలుగింటి విషానికీ మన దేశంలో తయారయ్యే సూదిమందు ఒక్కటే. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. నొప్పి గాని, గాటు గాని కనబడకపోవచ్చు. తెల్లవారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం కనిపిస్తే ఆలస్యం చేయవద్దు. నేల మీద పడుకునేవారు దోమతెర అంచులను పడక కిందికి దోపుకుంటే దోమలతో పాటు పాముల నుండి కూడా రక్షణ ఉంటుంది.

వరద తరువాత తాగునీటిని కాచి చల్లార్చి గాని, ఆరోగ్య సిబ్బంది ఇచ్చే క్లోరిన్ బిళ్ళలు చెప్పిన మోతాదులో వేసి గాని తాగండి. విరేచనాలు మొదలైతే ఓ.ఆర్.ఎస్. ఆ క్షణం నుండే మొదలుపెట్టండి. నీళ్ళ రంగు, వాసన మారినట్లు మీకు అనిపిస్తే చెప్పడానికి జంకవద్దు. మీ గ్రూపు నిర్వాహకుడు తీసివేసినా మళ్ళీ చెప్పండి.

చివరగా మూడవ నిర్వాహకుడి సంగతి. కౌలురైతు విషయం తెలిసినప్పుడు మాస్టారు నా దగ్గరికి వచ్చి చాలాసేపు మాట లేకుండా కూర్చున్నారు. "మీరు ఆ రాత్రే చెప్పి ఉంటే నాకు కోపం వచ్చేదే డాక్టరు గారూ. రెండు రోజులకు పోయేది" అన్నారు. ఆ తరువాత ఆ ఇంటి అబ్బాయి చదువు ఆగకుండా రోజూ సాయంత్రం తన ఇంట్లోనే ఉచితంగా పాఠం చెప్పారు. నిర్వాహకుడిగా ఉండమని నేనే ఆయనను అడిగాను. ఇప్పుడు పొద్దుటి వంతు ఆయనది. ఏదైనా సందేశం అనుమానంగా ఉంటే ఆరున్నరకే ఫోను చేసి, "ఇది చూశారా?" అంటారు. నేను చూసి ఉంటే చూశానని చెబుతాను. చూడకపోతే, ఫోను పెట్టేసి వెంటనే చూస్తాను.